బ్లేడు కోణం, ఇంజిన్ తీర్పు



తేలికపాటి విమానాల దగ్గర పనిచేసేవాళ్లు ఇద్దరు కలిస్తే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మీ ప్రొపెల్లర్‌కి పిచ్ ఎంత పెట్టారు?" పిచ్ అంటే బ్లేడు కోణం. అవతలాయన "22 డిగ్రీలు" అంటాడు. ఈయన షెడ్డుకు వెళ్లి తన విమానానికీ 22 పెట్టేస్తాడు. ఈ అలవాటు మానుకోమని అడగడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

22 డిగ్రీలు సరే, ఎక్కడ కొలిస్తే? బ్లేడు మొదలు నుంచి కొస దాకా మెలి తిరిగి ఉంటుంది కదా. 1.7 మీటర్ల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్‌ను తీసుకోండి. కేంద్రం నుంచి ముప్పావు వంతు దూరంలో, అంటే సుమారు 64 సెంటీమీటర్ల దగ్గర 22 డిగ్రీలు ఉందనుకుందాం. మొదలు నుంచి కొస దాకా ఒక చుట్టుకు ఒకే దూరం ముందుకు సాగేలా చెక్కిన బ్లేడైతే అర మీటరు దగ్గర అదే బ్లేడు 27 చూపిస్తుంది, కొస దగ్గర 17కి కాస్త తక్కువ చూపిస్తుంది. కొలిచిన చోటు చెప్పకుండా కోణం ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే.

ఆ మెలికను తామే లెక్కగట్టి తేల్చుకున్నవాళ్లు రైట్ సోదరులు. ఓడల ప్రొపెల్లర్ల వాళ్ల దగ్గర సిద్ధాంతం దొరుకుతుందని వెతికారు. అక్కడ ఉన్నది చేసి చూసి దిద్దుకునే పద్ధతే. దాంతో ప్రొపెల్లర్ అంటే గిరగిరా తిరిగే రెక్క అనుకుని మొదటి నుంచీ తామే లెక్క వేసుకున్నారు. అన్నదమ్ములు దాని మీద ఎంతగా వాదించుకున్నారంటే, చివరికి అన్న వాదన తమ్ముడిదీ, తమ్ముడి వాదన అన్నదీ అయ్యేదట. 1903లో వాళ్లు చెక్కిన ఎనిమిదిన్నర అడుగుల చెక్క ప్రొపెల్లర్ నమూనాలను మన కాలంలో పరీక్షిస్తే, సామర్థ్యం 75 శాతం దాకా తేలింది. నాకు వాళ్ల ఇంజిన్ కన్నా, విమానం కన్నా ఆ ప్రొపెల్లరే గొప్పదనిపిస్తుంది.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజిన్ దగ్గరికి వద్దాం. 100 హార్స్‌పవర్. 5,800 ఆర్‌పీఎం అయిదు నిమిషాల వరకే, ఎంతసేపైనా నడపగలిగింది 5,500. గేర్‌బాక్స్ నిష్పత్తి 2.43 కాబట్టి ఇంజిన్ 5,500 తిరుగుతుంటే ప్రొపెల్లర్ 2,260 చుట్లు తిరుగుతుంది. అప్పుడు ముప్పావు వంతు దగ్గర బ్లేడు సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో గాలిని కోస్తుంటుంది. విమానం 60 నాట్లతో పైకెక్కుతుంటే ఆ గాలి బ్లేడుకు సుమారు 11.5 డిగ్రీల వాలులో ఎదురొస్తుంది. 100 నాట్లతో సమతలంగా పోతుంటే 19 డిగ్రీల వాలులో వస్తుంది. బ్లేడును 22లో బిగించారు గనక, పైకెక్కేటప్పుడు అది గాలిని పదిన్నర డిగ్రీలతో పట్టుకుంటుంది, క్రూజ్‌లో మూడు డిగ్రీలతో. ప్రొపెల్లర్ తానే లోపలికి లాక్కునే గాలి వల్ల నిజమైన అంకెలు ఇంకా తగ్గుతాయి. అయినా తేడా ఎంతుందో చూశారా! బిగించిన కోణం ఒకటే, విమానం వేగం మారేకొద్దీ బ్లేడు మీద పడే బరువు మారిపోతోంది.

అందుకే కోణం పెంచేస్తే ఘాట్‌రోడ్డు మీద టాప్ గేరులో బైకు ఎక్కించినట్టే. థ్రాటిల్ పూర్తిగా తెరిచినా ఇంజిన్ చుట్లు అందుకోలేదు. ఫుల్ థ్రాటిల్‌లో 5,200కి దిగువన నడపవద్దని రోటాక్స్ మాన్యువలే చెబుతోంది. లోపల డిటొనేషన్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, మొదలైతే బయటికి పెద్దగా వినపడదు, దెబ్బ మాత్రం పిస్టన్లకు తగులుతుంది. కోణం మరీ తగ్గిస్తే ఇంకో తంటా. పైకెక్కడం హాయిగా ఉంటుంది గానీ, సమతలంగా పోతున్నప్పుడు ఆర్‌పీఎం హద్దు దాటుతుంది. థ్రాటిల్ వెనక్కి లాగక తప్పదు, ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, వేగం రాదు.

కొలిచే పని గురించి కొంచెం నిదానంగా చెబుతాను. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి, బ్యాటరీ వైరు విప్పండి. అంతటితో ఆగొద్దు, పై స్పార్క్ ప్లగ్గులు కూడా తీసేయండి. ఇగ్నిషన్ ఆఫ్ చేయడమంటే దాన్ని ఎర్త్ చేయడమే. ఆ ఎర్త్ వైరు తెగిందంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా చేత్తో తిప్పిన ప్రొపెల్లర్ ఇంజిన్‌ను లేపగలదు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఇంకొకటి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే తిప్పండి. వెనక్కి తిప్పితే ఆయిల్ దారుల్లోకి గాలి చొరబడుతుంది.

తయారీదారు చెప్పిన దూరం దగ్గర ప్రతి బ్లేడుకూ టేపుతో గుర్తు పెట్టండి. డిజిటల్ లెవెల్‌ను ముందు హబ్ ముఖం మీద ఆనించి సున్నా చేయండి. అప్పుడు విమానం ముక్కు ఎత్తుగా నిలబడినా కొలతకు అడ్డు రాదు. బ్లేడును అడ్డంగా నిలిపి, చదునైన వెనక వైపు లెవెల్ పెట్టి చదవండి. రెండో బ్లేడును తిప్పి అదే పక్కకు, అదే స్థితికి తెచ్చి చదవండి. బోల్టులు బిగించేకొద్దీ బ్లేడు కొద్దిగా కదులుతుంది. కాబట్టి టార్క్ రెంచ్‌తో కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటిగా బిగించి, పూర్తయ్యాక మళ్లీ కొలవాలి. చాలామంది వదిలేసేది ఈ చివరి కొలతనే.

ఒక విమానం మా దగ్గరికి వణుకుతోందని వచ్చింది. ఎవరో బ్యాలెన్స్ చేశామని వాషర్లు వేసి పంపారు. 4,000 ఆర్‌పీఎం దగ్గర నున్నగా ఉంది, 5,000 దగ్గర ప్యానెల్ అంతా అదురుతోంది. కొలిచి చూస్తే మూడింటిలో ఒక బ్లేడు దాదాపు ఒక డిగ్రీ వెనకబడి ఉంది. బరువు బ్యాలెన్స్ వేరు, గాలి బ్యాలెన్స్ వేరు. బ్లేడ్లు తలా ఒక రకంగా లాగుతుంటే వాషర్లు ఒక ఆర్‌పీఎం దగ్గర ఆ సంగతిని కప్పిపెడతాయి, అంతే. వాషర్లు తీసేసి మూడు కోణాలూ సమానం చేశాక అదురు పోయింది.

బ్లేడ్లన్నీ సమానమయ్యాక ఎంత కోణం కావాలో తేల్చాల్సింది ఇంజినే. ముందు టాకోమీటర్ నిజం చెబుతోందో లేదో ఆప్టికల్ టాకోతో చూసుకోండి. కంకర లేని నేల మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చి 5,200 దాటుతోందా చూడండి. ఆ తర్వాత గాల్లో సమతలంగా ఫుల్ థ్రాటిల్ ఇస్తే 5,500కీ 5,800కీ మధ్య రావాలి. ఒక డిగ్రీ మారిస్తే ఈ ఇంజిన్‌కు సుమారు 200 ఆర్‌పీఎం మారుతుంది, అందుకే అర డిగ్రీ చొప్పున జరపండి. రన్‌వే పొట్టిది, చివర చెట్లున్నాయి అంటే 5,800 వైపు పెట్టుకోండి. దూరప్రయాణాలు ఎక్కువైతే 5,500 వైపు. పక్క విమానంవాడి 22 మీకు ఈ సంగతి చెప్పదు.

మన ఎండ గురించి ఒక హెచ్చరిక. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 1,700 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి, విమానం లెక్కలో, సుమారు 5,400 అడుగుల ఎత్తులోని గాలితో సమానం. ఇంజిన్ బలం తగ్గుతుంది. గాలి పలచబడి ప్రొపెల్లర్ బరువూ దాదాపు అంతే తగ్గుతుంది. ఫలితంగా టాకోమీటర్ పొద్దున చూపించిన అంకెకు దగ్గరగానే చూపిస్తుంది. దాన్ని చూసి ధైర్యపడకండి. లాగే బలం తగ్గింది, రెక్కల బలం కూడా తగ్గింది. టాకోమీటర్ పిచ్ సరిపోయిందో లేదో చెబుతుందే గానీ, టేకాఫ్ అవుతుందో లేదో చెప్పదు. 1933లో బోయింగ్ 247 ప్రయాణికుల విమానానికి అమెరికాలో ఆరు వేల అడుగుల ఎత్తున్న షయెన్‌లో ఈ సమస్యే ఎదురైంది. హామిల్టన్ స్టాండర్డ్‌లో ఫ్రాంక్ కాల్డ్‌వెల్ తయారుచేసిన, గాల్లో ఉండగానే పిచ్ మార్చే ప్రొపెల్లర్ దాన్ని గట్టెక్కించింది. మన షెడ్డుల్లో ఉన్నవాటికి ఆ వెసులుబాటు లేదు. నేల మీద బిగించిన కోణంతోనే దిగేదాకా ఎగరాలి.

లాగ్‌బుక్కులో "పిచ్ సెట్ చేశాం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. కొలిచిన దూరం, ఒక్కో బ్లేడు కోణం, టార్క్, ఆ రోజు ఎండ, నేల మీది ఆర్‌పీఎం, గాల్లోది, అన్నీ రాయండి. మొదటి కొద్ది గంటలు ఎగిరాక బోల్టుల టార్క్ మళ్లీ చూడండి. పక్క షెడ్డులో మూడు బ్లేడ్ల హబ్ ఒకటి స్టాండు మీద పెట్టి ఉంచాం, బోల్టులు వదులుగానే ఉన్నాయి. ప్రశ్నలు అక్కడే అడగండి, కొలుస్తూ మాట్లాడుకుందాం.