చలిలో మొరాయించు పాత డీజిలు బండి
(మన్యపు రైతుల సమావేశమున చేసిన ప్రసంగము)



పైరుల సంగతి చెప్పవలసిన వాడు బండి సంగతి ఎత్తుకొన్నాడేమి అని మీలో కొందరు అనుకొనవచ్చును. లంబసింగిలో కోసిన స్ట్రాబెర్రీ పండు ఎండ ఎక్కక ముందే ఘాటు దిగి నర్సీపట్నము చేరవలెను. రెండు గంటలు ఆలస్యమైనచో పండు మెత్తబడును, ధర పడిపోవును. దుక్కి, ఎరువు, నీరు అన్నియు సక్రమముగా చూచి పండించిన పంట, తెల్లవారుజామున జీపు కదలక పాకలోనే ఉండిపోయినచో, నేను చెప్పు వ్యవసాయ శాస్త్రము మీకేమి ఉపకరించును? అందుచేత ఈ సంగతి ఎత్తుకొన్నాను.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ వేయు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని సుమారు ఇరవయ్యో వంతుకు అణచినప్పుడు పుట్టు వేడిమికే డీజిలు అంటుకొనును. మార్గశిర పుష్యములలో మన కొండల మీద చలి సున్నా డిగ్రీల దరిదాపులకు దిగు రాత్రులు కలవు. అప్పుడు ఆ వేడిమిని చల్లని ఇనుము పీల్చివేయును. ఇంజను ఆయిలు చిక్కబడును. బ్యాటరీ బలము తగ్గును. ఇంజను మెల్లగా తిరుగును, మెల్లగా తిరిగినకొద్దీ అరిగిన రింగుల సందున గాలి జారిపోవును. క్రొత్త ఇంజను ఈ బాధలన్నింటిని ఓర్చుకొనును. పాతది ఓర్చుకొనలేదు.

బండి లేవనప్పుడు ముందుగా సైలెన్సరు వంక చూడుడు. సెల్ఫు కొట్టునప్పుడు తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు లోనికి పోవుచున్నది, కాని అంటుకొనుట లేదు, లోపము వేడిమిది. పొగయే లేనిచో డీజిలే అందుట లేదు. ఫిల్టరును, గొట్టములలో చేరిన గాలిని చూచుకొనవలెను. ఈ చిన్న గుర్తు తెలియక పంపును విప్పించి డబ్బు పోగొట్టుకొన్నవారు చాలమంది కలరు.

వేడిమి లోపమైనచో మొదట హీటరు ప్లగ్గులను పరీక్షింపుడు. (డీజిలును తిన్నగా సిలిండరులోనే చిమ్ము ఇంజన్లలో చాలవాటికి ఇవి ఉండవు.) ప్లగ్గు తీగెను విప్పి, పండ్రెండు వోల్టుల బల్బునకు ఒక కొనను బ్యాటరీ ప్లస్సునకు, రెండవ కొనను ప్లగ్గు మొనకు ఆనించినచో, బల్బు వెలిగిన ప్లగ్గు బాగున్నట్లు, వెలగనిచో మాడినట్లు. బాగా పాత బండ్లలో ప్లగ్గులను గొలుసు వలె ఒకదాని వెంట ఒకటి కలిపెడివారు. అందు ఒకటి మాడినచో అన్నియు చల్లబడును. పిమ్మట ఆయిలు. ఇంజను పుస్తకము అనుమతించినచో, చలికాలమునకు ఒంటి గ్రేడు 40 ఆయిలు మాని 15 డబ్ల్యూ 40 పోయించుడు. బ్యాటరీ కొసలు గీకి శుభ్రము చేసి బిగించుడు. నూటికి తొంబది బండ్లు ఇంతటితో దారికి వచ్చునని నా నమ్మకము.

చేయరాని పనులు రెండు కలవు. గాలి పీల్చు గొట్టము వద్ద మండుచున్న గుడ్డ పట్టుట మొదటిది. ఒక రైతు ట్రాక్టరుకు ఇట్లే చేయగా ఎయిర్ ఫిల్టరు గొట్టము అంటుకొనినది. నేను చేరుసరికి ఇద్దరు ఇసుక చల్లుచుండిరి. బండి మిగిలినది గాని ఆయన చేయి కాలినది. ఆయిలు తొట్టి క్రింద కుంపటి పెట్టుటయు ఇట్టిదే. అంగడిలో దొరకు ఈథరు స్ప్రే రెండవది. హీటరు ప్లగ్గు వేడిగా ఉన్నప్పుడు ఈథరు లోనికి పోయినచో అదను తప్పి పేలి, పిస్టనునే చీల్చవచ్చును.

ఇక బ్లాక్ హీటరు మాట. కెనడా వంటి సున్నాకు ముప్పది డిగ్రీలు దిగువకు పోవు దేశములలో రాత్రి బండిని కరెంటు ప్లగ్గునకు తగిలించి పడుకొందురు. ఇంజను గోడలోని నీటిని వేడిచేయు చిన్న కడ్డీయే ఈ హీటరు. మన చలికి ఇది తప్పనిసరి కాదు. పైన చెప్పినవన్నియు చేసినను లేవని అరిగిన ఇంజనుకు, ఇంజను విప్పించుటకు డబ్బు సమకూరువరకు ఇది ఆదుకొనగలదు. అయిదువందల వాట్ల హీటరు రెండు గంటలు వెలిగినచో ఖర్చగునది ఒక్క యూనిట్టే.

ఇంజను ప్రక్కను నాణెము వంటి రేకు మూతలు కొన్ని కనబడును. పోత పోసినప్పటి ఇసుకను తీయుటకు విడిచిన రంధ్రములను మూయుటకు అవి పెట్టినవి. వానిలో క్రింది వరుసలోని దానిని ఎన్నుకొనుడు. వేడి నీరు తనంతట పైకెక్కును గదా. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట కూలెంటును శుభ్రమైన బకెట్టులోనికి దింపవలెను. మూత నూడదీసి, అంచు త్రుప్పును గరుకు కాగితముతో రుద్ది, ఆ రంధ్రపు కొలతకు సరియైన హీటరును కూర్చి బిగించవలెను. కడ్డీ లోపలి సిలిండరు గోడకు తగులరాదు. తగిలినచోట అది మాడును. తీగెను ఫ్యానుకు, సైలెన్సరుకు దూరముగా కట్టవలెను. కూలెంటు తిరిగి నింపి, ఇంజను నడిపి, గాలి బుడగలు పోయి, ఎక్కడను కారుట లేదని తేలిన తరువాతనే కరెంటు ఇవ్వవలెను. నీరు లేక వెలిగించిన హీటరు నిమిషములలో పాడగును. ఉత్త నీరు పోయువారు చలికాలములో అది మాని కూలెంటు పోయుట మంచిది. గడ్డకట్టిన నీరు ఇంజనునే పగులగొట్టగలదు.

అమెరికా నుండి అబ్బాయి తెచ్చెనని కొందరు హీటరు చూపుదురు. అది 120 వోల్టులది. మన 230 వోల్టులకు తగిలించినచో ఇంచుమించు నాలుగింతల శక్తిని లాగి కాలిపోవును. పెట్టె మీది అంకె చదువక వాడకుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎర్తు. మన పల్లెలలో మూడు పిన్నుల ప్లగ్గున్నను మూడవ పిన్నుకు తీగె ఉండుట అరుదు. బండి రబ్బరు టైర్ల మీద నిలిచియుండును. కడ్డీ పగిలి కరెంటు ఇంజనుకు ప్రాకినచో బండి యావత్తు కరెంటు పట్టియుండును. మంచుకు తడిసిన నేల మీద నిలిచి తలుపు పట్టుకొన్న మనిషి గుండా అది భూమిలోనికి దిగును. కనుక ముందు ఎర్తు గొయ్యి త్రవ్వించి, కరెంటు కారినంతనే ఆపివేయు ఆర్.సి.సి.బి. స్విచ్చి పెట్టించి, ఆ తరువాతనే హీటరు కొనుడు. సెల్ఫు కొట్టుటకు ముందు ప్లగ్గు ఊడదీయవలెను. తీగె ఊడదీయుట మరచి ఘాటు దారి పట్టకుండ, ఆ తీగె కొనను బండి తాళపు చెవికి ఎదురుగా, స్టీరింగు మీదుగా వ్రేలాడదీయుడు.