కణంలో రికార్డు రూము
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడుకోవలసింది ఎంతో ఉండగా మధ్యలో ఈ జీవశాస్త్రం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం చెబుతాను. "మా నాన్నగారికి చక్కెర వ్యాధి, తాతగారికీ అదే. జన్యువుల్లో రాసిపెట్టి ఉన్నాక ఇంకా ఈ పథ్యాలూ నడకలూ ఎందుకండీ?" అని మన సభ్యులు చాలామంది నన్ను అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఇవాళ్టి నా ప్రసంగం. ప్రభుత్వ కళాశాలల్లో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక కాస్త పాఠం వాసన వస్తే మన్నించాలి.

మన కంటి కణం వేరు, కాలేయ కణం వేరు, నరాల కణం వేరు. కానీ ఎర్ర రక్తకణాల వంటి కొన్నింటిని మినహాయిస్తే అన్నింటిలోనూ ఉన్న డి.ఎన్.ఏ. రాత దాదాపు ఒకటే. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో ప్రోటీన్లు తయారుచేసే విధానం రాసి ఉన్న జన్యువులు దాదాపు 20 వేలు. ఇన్సులిన్ జన్యువు క్లోమంలో ఉన్నట్టే కంటిలోనూ ఉంది, చర్మంలోనూ ఉంది. అయినా ఇన్సులిన్ తయారుచేసేది క్లోమంలోని బీటా కణాలే. మిగతా చోట్ల ఆ జన్యువు ఎందుకు నోరు మెదపదు?

మనమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం. ఫైలు రికార్డు రూములో ఉండటం వేరు, టేబులు మీదికి రావడం వేరని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కణంలోనూ అంతే. అక్కడి రికార్డు రూము పేరు కేంద్రకం. ఒరిజినలు ఆ గది దాటి బయటికి రాదు. కావలసిన పుటకు ఆర్.ఎన్.ఏ. అనే కాపీ తీసి బయటికి పంపితే, దాన్ని చూసి ప్రోటీను తయారవుతుంది. కాపీ తీయాలంటే ముందు కట్ట విప్పాలి గదా. ఆ కట్ట సంగతే చూద్దాం.

ఒక్క కణంలోని డి.ఎన్.ఏ. దారాన్ని సాగదీస్తే సుమారు 2 మీటర్లు. అది ఇమడవలసిన కేంద్రకం వెడల్పు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. చిక్కుపడకుండా ఇమడాలంటే చుట్టిపెట్టాలి. నేతపనివారు నూలును కండెలకు చుట్టినట్టు, కణం ఈ దారాన్ని హిస్టోన్లు అనే ప్రోటీన్లకు చుట్టిపెడుతుంది. హిస్టోన్లను 1884లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌బ్రెహ్ట్ కోసెల్ బాతు జాతి పక్షి రక్తకణాల్లో కనుగొన్నాడు. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక కండె అవుతాయనీ, దాని చుట్టూ దారం తిరుగుతుందనీ 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ వివరించాడు. ఒక్కొక్క కండె మీద 147 అక్షరాల జతల దారం, రెండు చుట్లకు కాస్త తక్కువగా ఉంటుంది. ఇలా దారమూ కండెలూ కలిసిన మొత్తానికి క్రోమాటిన్ అని పేరు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పాఠ్యపుస్తకాలు హిస్టోన్లకు ఒక పేరా కేటాయించి ఊరుకునేవి. సామాను కట్టే గోనెసంచికి ఎంత విలువో వాటికీ అంతే. అసలు సంగతి ఏమిటంటే, ఆ సంచి మీద రాతలు ఉన్నాయి.

ప్రతి హిస్టోనుకూ కండె నుంచి బయటికి వేలాడే చిన్న తోక ఉంటుంది. కణంలోని ఎంజైములు ఆ తోకల మీద చిన్న చిన్న రసాయన గుర్తులు అంటిస్తాయి. మనం ఫైలుకు "అర్జంటు" అని స్లిప్పు తగిలించేవాళ్లం, పని ముగిశాక ఎల్.డిస్. అనో ఆర్.డిస్. అనో రాసి పంపేవాళ్లం గదా, అటువంటివే ఇవీ. ఫైలులోని ఒక్క అక్షరమూ మారదు. కానీ ఆ ఫైలు గతి ఆ గుర్తును బట్టి ఉంటుంది.

ముఖ్యమైన గుర్తులు రెండు చెబుతాను. మొదటిది ఎసిటైల్ గుర్తు. హిస్టోన్ల తోకల్లో ధన విద్యుదావేశం ఉంటుంది, డి.ఎన్.ఏ.కు రుణ విద్యుదావేశం. అందుకే రెండూ గట్టిగా అతుక్కుంటాయి. తోకకు ఎసిటైల్ చేరితే ఆ ధనావేశం తగ్గుతుంది, పట్టు సడలుతుంది, కాపీ తీసే యంత్రాంగానికి దారి దొరుకుతుంది. ఈ గుర్తుకూ జన్యువులు పనిచేయడానికీ సంబంధం ఉందని 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రీ అన్నాడు. దానికి గట్టి ఆధారం 1996లో గాని దొరకలేదు. నీటిలో బతికే టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో, ఎసిటైల్ అంటించే ఎంజైమును డేవిడ్ ఆలిస్ బృందం పట్టుకుంది. తీరా చూస్తే అది, జన్యువులను పనిచేయిస్తుందని ఈస్టులో అప్పటికే తెలిసిన ఒక ప్రోటీనుకు దగ్గరి చుట్టం! అదే ఏడు ఆ గుర్తును తీసేసే ఎంజైమును స్టువర్ట్ ష్రైబర్ బృందం వేరుచేసింది. అంటే స్లిప్పు తగిలించే గుమాస్తా ఒకడు, పీకేసే గుమాస్తా మరొకడు.

రెండోది మిథైల్ గుర్తు. ఇది ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. మూడో రకం హిస్టోను తోకలో 4వ స్థానంలో పడితే సాధారణంగా ఆ జన్యువు పనిచేస్తున్నదని అర్థం. అదే తోకలో 9వ స్థానంలోనో 27వ స్థానంలోనో పడితే చాలావరకు మూసివేతకు గుర్తు. ఈ మిథైల్ గుర్తు ఒకసారి పడితే ఇక చెరగదని చాలాకాలం అనుకున్నారు, మన ఆర్.డిస్. ఫైళ్లలాగా శాశ్వతమన్నమాట. 2004లో యాంగ్ షీ బృందం దాన్ని చెరిపే ఎంజైమును కూడా కనుగొంది. శాశ్వతమనుకున్నదీ మారగలదని తేలింది.

అయితే స్లిప్పు తనంతట తాను వచ్చి అంటుకోదు. ఏ ఫైలు తీయాలో చెప్పే అధికారులు వేరే ఉన్నారు. డి.ఎన్.ఏ. మీది ఫలానా అక్షరాల వరుసను గుర్తుపట్టి అక్కడ వాలే ప్రోటీన్లు అవి. గుర్తులు వేసే ఎంజైములను చాలాచోట్ల పిలుచుకొచ్చేది అవే. కొన్ని గుర్తులు జన్యువు పనిచేయడానికి కారణాలు, మరికొన్ని అది పనిచేసినందువల్ల మిగిలిన జాడలు.

దీనికి కంటికి కనిపించే ఉదాహరణ ఒకటి చెబుతాను. నలుపు, నారింజ రంగు మచ్చలు కలిసిన పిల్లిని చూసే ఉంటారు. అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. ఆడజీవికి ఎక్స్ క్రోమోజోములు రెండు. పిండదశలో ఒక్కొక్క కణం వాటిలో ఒకదాన్ని చాలావరకు కట్టగట్టి మూసేస్తుంది. ఈ సంగతి 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. ఒక ఎక్స్ మీద నారింజ రంగు జన్యువు, రెండోదాని మీద నలుపుకు అవకాశమిచ్చే జన్యువు ఉంటే, ఏది తెరిచి ఉన్నచోట ఆ రంగు మచ్చ పడుతుంది. కణం విభజన చెందినా పిల్ల కణాలు ఆ మూసివేతను అలాగే పాటిస్తాయి. మన ఆడపడుచుల శరీరాల్లోనూ జరిగేది ఇదే, కాకపోతే పైకి కనబడదు.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. దారం మీద కండెలను జరిపే కణయంత్రాలకు ఇంధనం ఏ.టి.పి. దాన్ని 1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లు అమెరికాలో కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. మిథైల్ గుర్తులకు కావలసిన ముడిసరుకును కణంలో సిద్ధంచేసే పనిలో ఫోలిక్ ఆమ్లానికి, బి12 విటమినుకు పాత్ర ఉంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధనలను నడిపింది సుబ్బారావుగారే. ఆయన 1948లో కన్నుమూశారు. తాను వెలికితీసిన పదార్థాలు రెండూ ఈ రికార్డు రూములో పనిచేస్తాయని ఆయన కాలానికి ఇంకా తెలియదు.

ఇక మన వయసు విషయానికి వద్దాం. 2005లో స్పెయిన్‌లో 3 నుంచి 74 ఏళ్ల వరకు వయసున్న 40 జతల ఒకే అండపు కవలలను పరిశీలించారు. వారి రాత ఒకటే. చిన్నవయసు జంటల్లో గుర్తులు కూడా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. పెద్దవయసు జంటల్లో, అందులోనూ ఎక్కువకాలం వేరువేరుగా బతికినవారిలో, డి.ఎన్.ఏ. మీది మిథైల్ గుర్తులూ హిస్టోన్ల మీది ఎసిటైల్ గుర్తులూ బాగా తేడాపడ్డాయి. ఒకే రాతతో పుట్టినవాళ్లు కూడా బతుకు సాగేకొద్దీ వేరువేరు గుర్తులు పోగుచేసుకుంటారన్నమాట.

ఇక మొదటి ప్రశ్న. మా ఇంట్లో నాన్నగారికీ, పెద్దన్నయ్యకూ చక్కెర వ్యాధి. అన్నయ్య "వంశంలోనే ఉంది, నేను తప్పించుకునేదేమిటి" అని నడక మానేశాడు, కాలికి పుండు పడితే నెలల తరబడి చూపించుకోలేదు. చివరికి మోకాలి కింద తీసేయవలసి వచ్చింది. వ్యాధి వంశంలో వచ్చిన మాట నిజమే. కానీ ఆ కాలు పోవాలని ఏ జన్యువులోనూ రాసి లేదు.

వారసత్వం ఉత్తమాట అని నేను అనడం లేదు. జన్యువుల్లోని అక్షరాల తేడా వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి. వాటిని ఏ గుర్తూ పూర్తిగా కప్పిపుచ్చలేదు. అయితే చక్కెర వ్యాధి అంచున ఉన్న 531 మంది భారతీయుల మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆహారంలో, నడకలో మార్పు చేసుకున్నవారిలో వ్యాధి వచ్చే అవకాశం, మామూలు సలహాతో సరిపెట్టినవారితో పోలిస్తే, సుమారు 28 శాతం తగ్గింది. నడక ఏ ఏ గుర్తులను మార్చి మేలు చేస్తుందన్నది శాస్త్రజ్ఞులు తేల్చుకుంటారు. మనం నడవడానికి ఆ తీర్పు దాకా ఆగనక్కరలేదు.

చివరగా మందుల మాట. ఫిట్స్‌కు 1960ల నుంచీ వాడుతున్న వాల్‌ప్రోయేట్ అనే మందు, ఎసిటైల్ గుర్తును పీకేసే ఎంజైములను అడ్డుకుంటుందని 2001లో తెలిసింది. అదే మందు గర్భవతులు వాడితే బిడ్డకు ప్రమాదమని వైద్యులు హెచ్చరిస్తారు. అయినా డాక్టరును అడగకుండా హఠాత్తుగా మానడమూ ప్రమాదమే. అదే రకం ఎంజైములను అడ్డుకునే వోరినోస్టాట్ అనే మందుకు, చర్మానికి వచ్చే ఒక జాతి లింఫోమా క్యాన్సరు కోసం 2006లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఇటువంటి మందు ఒక్క ఫైలునే తెరవదు, అనుకోనివి ఎన్నో కదిలించవచ్చు. అందుకే నిపుణుల చేతిలో మాత్రమే ఉండాలి.

ఈ మాట ఎందుకంటున్నానంటే, మొన్న మా కాలనీకి ఒక ఏజెంటు వచ్చి, నిద్రపోతున్న జన్యువులను లేపే పొడి అని డబ్బా నాలుగు వేలకు అమ్మబోయాడు. మన పెన్షను డబ్బుకు ఇటువంటివాళ్లు చాలామంది కాపు కాస్తున్నారు. ఏ జన్యువును లేపుతుంది, ఏ కణంలో లేపుతుంది, లేవకూడనిది లేస్తే ఎవరిది పూచీ అని అడగండి. క్యాన్సరు కణాల్లో మూసి ఉండవలసిన కొన్ని జన్యువులు తెరుచుకుని ఉంటాయి, తెరిచి ఉండవలసినవి కొన్ని మూసుకుపోయి ఉంటాయి. అన్నీ లేవడం ఆరోగ్యం కాదు.

తలరాత అని మన పెద్దలు అన్నారు. కణంలో రాత ఉన్నమాట నిజం, దాన్ని మనం మార్చుకోలేకపోవచ్చు. కానీ ఏ పుట ఎప్పుడు తెరుచుకోవాలన్నది కొంతవరకు మన తిండి, మన కదలిక, మనం బతికే తీరు కూడా నిర్ణయిస్తాయి. ఆ కొంతవరకు అన్నదాన్ని వదులుకోవద్దని నా మనవి. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్నవారు ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించుకోండి. ఆ జబ్బు ఇప్పటికే ఉన్నవారు రోజూ పాదాలు చూసుకోండి. మీ పిల్లలకు "మన వంశంలో ఉందిరా" అని చెప్పి ఊరుకోకండి, "అందుకే ముందుగా జాగ్రత్తపడరా" అని కూడా చెప్పండి.