విశాఖపట్టణపు చేపల పటములు

(మహేంద్రమంగళమున తెలుగు కుటుంబముల కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



సముద్రమునకు ఇంత దూరమున కాపురముండు మనకు చేపల పటములతో ఏమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మేము వర్తకులము, మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవారము. అయినను ఈ కథలో మన భాషకు రావలసిన బాకీ యొకటి కలదు. బాకీ యన్న మాట వినబడిన పిమ్మట వర్తకుడు ఊరకుండలేడు గదా!

1780 తరువాత కొలది యేండ్లకు పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు తన సోదరునితో విశాఖపట్టణమునకు వచ్చెను. 1785లో ఆయనను ఈస్టిండియా కంపెనీవారు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఆయన ఆ తీరపు చేపలను సేకరించి, ఈ దేశపు చిత్రకారునిచే బొమ్మలు వ్రాయించెను. అవి లండనులో 1803లో రెండు సంపుటములుగా, రెండు వందల చేపల వర్ణనతో అచ్చయ్యెను. చిత్రకారుని పేరు నిలువలేదు. కాని స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను రస్సెల్ ఇంగ్లీషు అక్షరములలో ముద్రింపించెను. అది ఆయన చేసిన మేలు.

ఇట్టి పని చైనాలోను జరిగెను. అచ్చట నియే హువాంగ్ అను చిత్రకారుడు 1698 నాటికే సముద్రజీవుల చిత్రసంపుటములను సిద్ధము చేసియుండెను. 1812లో కాంటను చేరిన జాన్ రీవ్స్ అను తేయాకు పరీక్షకుడు అచ్చటి చిత్రకారులచే చేపలను వ్రాయించి ఇంగ్లండుకు పంపెను. కుంచె చైనావారిది, కోరిక పడమటివారిది. 1846లో జాన్ రిచర్డ్‌సన్ ఆ బొమ్మల ఆధారముననే పెక్కు చేపలకు శాస్త్రనామములు పెట్టెను. చేప ఎదుట లేకున్నను బొమ్మయే సాక్ష్యము!

మన తీరపు పటములకును అట్టి గౌరవమే దక్కెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే 1816లో రస్సెల్ పటమును ఆధారముగా గొని, ఒక చేపకు ‘కానగుర్త’ యను మన పేరునే ఉంచెను. నేటికిని శాస్త్రలోకమున దానిని ‘రాస్ట్రెల్లిగర్ కానగుర్తా’ యనియే వ్యవహరింతురు. ఇచ్చటి సంతలో ‘కానాంగెళుత్తి’ యని తూచి అమ్మునది అదియే.

పొలస సంగతి వేరు. రస్సెల్ పటమును బట్టి దానికి క్యూవియే 1829లో ‘పలసా’ యని పేరిడెను. కాని అంతకు ఏడేండ్ల ముందే, 1822లో, హామిల్టన్ గంగానది చేపల గ్రంథమున ‘ఇలిషా’ యను వంగదేశపు పేరును పెట్టియుండెను. శాస్త్రనియమము ప్రకారము ముందు పెట్టిన పేరునకే హక్కు. 1803లోనే మన పేరు అచ్చయినది నిజమే. అయితే అది ఊరిపేరుగా అచ్చయినదే గాని శాస్త్రనామముగా గాదు. సరకు మనది, పద్దు మాత్రము మరియొకరి ఖాతాలో పడినది.

మొన్న మా అంగడికి వచ్చిన పెద్దమ్మ యొకరు ‘వాము’ అడుగగా మా అబ్బాయి తెల్లబోయెను. ఆమె ‘ఓమం’ అనిన పిమ్మటనే డబ్బా తీసెను. మేము సిగ్గుపడితిమి. తప్పు వానిది కాదు, ఆ మాట ఇంట వినిపింపని మాది.

కావున గల్లాపెట్టె ప్రక్కన ఒక లావుపాటి పుస్తకము నుంచితిమి. పెద్దలు దయచేసి ధాన్యముల, పిట్టల, పనిముట్ల పేర్లు చెప్పుడు. చేపల పేర్లు తెలిసినవారుండిన మరింత సంతోషము. పిల్లలు ఆ పేర్లను తెలుగు అక్షరములలో వ్రాసి, ప్రక్కన బొమ్మ వేయుదురు. చెప్పినవారి పేరును, బొమ్మ వేసిన బిడ్డ పేరును తప్పక అందు చేర్తుము. మొదటి పుటలో ‘వాము’ ఎక్కినది. తక్కిన పుటలు ఖాళీగా నున్నవి.