మన జ్వరం ఏ రిజిస్టరులో ఉంది?

(ఉంగుటూరులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద సభ అనగానే ఉచిత వైద్య శిబిరమేమో అనుకుని వచ్చినవారు కొందరు ఉన్నారని గుమ్మం దగ్గరే తెలిసింది. వారు మమ్మల్ని మన్నించాలి. ఈరోజు మేము మందులు తేలేదు, మాటలే తెచ్చాము. మన ఊరి నీటిని ఎవరు పరీక్షించాలి, జ్వరాలను ఎవరు లెక్కించాలి, వారు ఆ పని చేశారో లేదో అడిగే అధికారం ఎవరికి ఉంది అన్నవి ఆ మాటలు.

2020 డిసెంబరు 5వ తేదీన ఏలూరు వన్‌టౌన్‌లో మొదలైనది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన బంధువులు, వియ్యంకులు అక్కడ ఉన్నారు. నిలబడినవారు నిలబడినట్టే కూలిపోయారు. మూర్ఛ, వాంతులు, తలనొప్పి, కాసేపు స్పృహ లేకపోవడం. కొద్ది రోజుల్లో 500 మందికి పైగా బాధితులయ్యారు. వారిలో అధికులు కొన్ని గంటల్లోనే కోలుకున్నారు కానీ, ఆ రాత్రుల భయం మాత్రం అంత త్వరగా పోలేదు. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వచ్చి నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం నమూనాలు పట్టుకెళ్లారు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని చివరకు చెప్పారు. అవి మనుషుల ఒంట్లోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి ఇంకా అధ్యయనం కావాలన్నారు.

ఆ రోజుల్లో మా బంధువుల ఇళ్లలో ఒక వృద్ధురాలు అడిగిన ప్రశ్న ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. "ఇప్పుడు ఢిల్లీ నుంచి వచ్చి చూస్తున్నారు సరే బాబూ, నిన్నటిదాకా ఎవరు చూస్తున్నారు?" అని ఆమె అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతికే క్రమంలో తెలిసినవే ఈరోజు మీ ముందు పెడుతున్నాము.

మొదట ఒక సంగతి గమనించండి. ఏలూరులో వచ్చిన జబ్బు బయటపడింది ఎందువల్ల? వందలాది మంది ఒకే పట్టణంలో ఉన్నారు, ఒకే ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తారు. అదే జబ్బు మన పల్లెల్లో వచ్చి ఉంటే? ఈ మండలంలో మనం ఒక ఊరిలో మూడిళ్లు, మరొక ఊరిలో పదిళ్లు. జ్వరం వస్తే ఊళ్లోని ఆర్‌.ఎం.పి. దగ్గరికి వెళ్తాము. ఆయన సూది వేస్తాడు, సెలైను పెడతాడు, డబ్బు తీసుకుంటాడు. తగ్గకపోతే తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఈ దారిలో ఎక్కడా మన జ్వరం ప్రభుత్వపు పుస్తకంలోకి ఎక్కదు.

2004లో కేంద్ర ప్రభుత్వం సమీకృత వ్యాధి పర్యవేక్షణ పథకాన్ని ప్రారంభించింది. దాని పద్ధతి సులువైనదే. గ్రామంలోని ఆరోగ్య కార్యకర్త తాను చూసిన లక్షణాలను, డాక్టరు తాను అనుమానించిన వ్యాధిని, ప్రయోగశాల తాను నిర్ధారించిన వ్యాధిని, ముగ్గురూ మూడు పత్రాల్లో నింపి పైకి పంపాలి. ఇప్పుడది కంప్యూటరులోకి మారింది. జిల్లాలోని పర్యవేక్షణ విభాగం ఆ అంకెలు చూసి, ఏదైనా ఊరిలో విరేచనాలో జ్వరాలో మామూలు కన్నా పెరిగాయనిపిస్తే బృందాన్ని పంపుతుంది. అంటే బృందం జ్వరాన్ని చూసి రాదు, అంకెను చూసి వస్తుంది. మన వీధిలో నలుగురు పిల్లలకు పచ్చకామెర్లు వచ్చినా, ఆ నలుగురూ పసరు మందుకు వెళ్తే అక్కడ అంకె సున్నా. మన తల్లులకు మా మొదటి విన్నపం ఇదే. మందు ఎక్కడ వేయించుకున్నా సరే, ఇంట్లో జ్వరమో విరేచనాలో వస్తే ఆ మాట ఆశా కార్యకర్త చెవిన వేసి, రాసుకుందో లేదో చూడండి. ఆమె మన వీధికి రావడం లేదంటే అది వేరే ఫిర్యాదు. దాని గురించీ చెబుతాము.

ఇక పర్యవేక్షణ ఎవరిది? మన తాతల కాలంలో ఈ ప్రశ్నకు ఒకే మాటలో జవాబు ఉండేది: జిల్లా బోర్డు. 1920 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం కింద అవి పనిచేసేవి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాక ఇక్కడి బోర్డుకూ అవే బాధ్యతలు దక్కాయి. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. నీరు, మురుగు, అంటువ్యాధులు, ఆహారం, సంతలు, జాతరలు అన్నిటినీ ఆ ఒక్క చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. బోర్డు పోయింది, 1959లో సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి, 1986 చట్టంతో మండలాలు వచ్చాయి, 1994లో ఇప్పటి పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఇన్ని మార్పుల్లో ఒక్క చేతిలో ఉన్న పని నాలుగు చేతుల్లోకి పోయింది.

ఆ నాలుగు చేతులు ఏవో చెప్పుకుందాము. మురుగు కాలువలు, వీధుల శుభ్రత, మలేరియా, అంటువ్యాధుల నివారణ గ్రామ పంచాయతీ విధులని 1994 చట్టం 45వ సెక్షను చెబుతోంది. శ్మశానాల నిర్వహణ కూడా అందులోనే ఉంది. మన ఖబరస్తాన్ ప్రహరీ కోసం ఎమ్మెల్యే చుట్టూ తిరిగే పెద్దలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. తాగునీటి పథకాల సాంకేతిక భారం గ్రామీణ నీటి సరఫరా ఇంజినీర్లది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులోని డాక్టర్లు జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కింద ఉంటారు. జాతీయ ఆరోగ్య మిషన్ నిధులను కలెక్టరు అధ్యక్షతన ఉన్న జిల్లా ఆరోగ్య సంఘం నడుపుతుంది. వీటన్నిటినీ ప్రశ్నించవలసిన ఎన్నికైన వేదిక జిల్లా పరిషత్తు స్థాయీ సంఘం. చట్టం చెప్పిన ఏడు స్థాయీ సంఘాల్లో ఆరోగ్యానికి విడిగా ఒకటి లేదు. విద్య, వైద్యం రెండింటికీ కలిపి ఒకే సంఘం. బడుల సంగతి ముగిసేసరికి భోజనాల వేళవుతుందేమో! రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో సహా ఆరోగ్యాన్ని పంచాయతీలకు ఇవ్వదగిన విషయంగా పేర్కొన్నారు. ఇవ్వదగినదని రాశారు కానీ, ఇచ్చితీరాలని రాయలేదు.

దీనికితోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. ఉంగుటూరు ఏలూరు జిల్లాలో ఉంది. మనకు దగ్గరలోని తాడేపల్లిగూడెం, భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉంది. జిల్లా పరిషత్తు మాత్రం విభజన తర్వాత కూడా పాత ఉమ్మడి జిల్లా మొత్తానికి ఏలూరులోనే కొనసాగింది. గూడెం ఆసుపత్రిలో మనకు అన్యాయం జరిగితే ఫిర్యాదు భీమవరం వెళ్లాలి, మన ఊరి నీళ్లలో పురుగులు వస్తే ఏలూరు వెళ్లాలి. అర్జీ మీద చిరునామా సరిగా రాయడం చిన్న విషయం కాదు. కృష్ణా జిల్లాలో గన్నవరం పక్కన ఇంకొక ఉంగుటూరు ఉందని కూడా మరువకండి.

నీటి దగ్గరకు వద్దాము. ఇక్కడ మనం తాగేది చాలావరకు కాలువ నీరు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక ముందే మంచినీటి చెరువు నింపుకుని, వడగట్టి, క్లోరిన్ కలిపి ట్యాంకుకు ఎక్కిస్తారు. మన పొలాల మురుగు, ఎరువులు, పురుగుమందులు కలిసిన నీరు డ్రెయిన్ల గుండా కొల్లేరుకు పోతుంది. అక్కడి లంక గ్రామాలకు అదే పెద్ద శాపం. చుట్టూ నీళ్లుండి కొనుక్కుని తాగే బతుకు. కుళాయి చివర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. దాన్ని చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. చిన్న గొట్టంలో నీళ్లు పోసి చుక్క మందు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. అసలు ప్రశ్న, ఏ కుళాయి దగ్గర చూశారన్నది. ట్యాంకు పక్కన చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. మేము చూసిన ఒక ఊరిలో మనవాళ్ల వీధి గొట్టానికి చివర ఉంది. అక్కడ కుళాయి మురుగు కాలువలో మునిగి ఉంది. పరీక్ష నమోదు పుస్తకంలో మాత్రం ఆ వీధి పేరే లేదు.

ఇవన్నీ అడగడానికి చట్టం మనకు తలుపులు ఉంచింది. గ్రామసభ ఒకటి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ మరొకటి. ఆ కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఊరికి ఏడాదికి 10,000 రూపాయల వరకు నిధి ఉంటుంది. అందులో ఎవరున్నారో మన ఊళ్లో ఎందరికి తెలుసు? చేతులెత్తమని అడగబోము, అడిగితే మాకే సిగ్గు.

ఇంకొక తలుపు మనకోసమే ఉంది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి మండల పరిషత్తులో ఒకరిని, జిల్లా పరిషత్తులో ఇద్దరిని మైనారిటీల నుంచి కో-ఆప్షన్ సభ్యులుగా తీసుకోవాలి. ఓట్ల లెక్కలో మనం ఎన్నడూ గెలవలేని చోట కూడా మన మనిషి లోపల కూర్చునే ఏర్పాటిది. దాన్ని మనం ఏం చేసుకున్నాము? ఏదో ఒక పార్టీ పెద్ద చెప్పిన మనిషి కూర్చుంటాడు, శాలువా కప్పించుకుంటాడు, ఇఫ్తారు విందులో ముందు వరుసలో కనిపిస్తాడు. ఆయన్ను తప్పుపట్టే ముందు మనల్ని మనం అడుగుదాము. సర్వసభ్య సమావేశానికి వెళ్లే ముందు ఆయన చేతిలో మనం ఎన్నడైనా ఒక కాగితం పెట్టామా? షాదీఖానా, ఖబరస్తాన్, ఇమాముల గౌరవ వేతనం అడిగాము. అవి అడగవలసినవే. మన వీధి నీటి పరీక్ష ఫలితం మాత్రం అడగలేదు.

అడగడం మన సంప్రదాయానికి కొత్త కాదు. బజారులో తూకాలను, ఆహారాన్ని, నీటి వసతిని చూడటానికి ఇస్లామీయ నగరాల్లో ముహ్‌తసిబ్ అనే అధికారి ఉండేవాడు. సిరియాలో ప్లేగు ఉందని సర్గ్ దగ్గర విన్నప్పుడు ఖలీఫా ఉమర్ (రజి) తానొక్కడే నిర్ణయించలేదు. ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను విడివిడిగా పిలిచి సలహా అడిగి, వెనక్కి మరలారు. సంప్రదింపు లేనిచోట ఏమవుతుందో 2020లో మనం అనుభవించాము. తబ్లీగీ జమాఅత్ పేరుతో సముదాయమంతటినీ రోగానికి పర్యాయపదం చేశారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ జమాఅత్ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. తీర్పు రాకముందే మన కూరగాయల బండ్ల దగ్గర బేరాలు పోయాయి. ఆరోగ్య కమిటీలో మన ముఖం అందరికీ ముందే తెలిసి ఉంటే ఆ అపనమ్మకం కొంతైనా తగ్గేదని మా విశ్వాసం.

మసీదు కమిటీలకు ఒక చిన్న పని. దోమల నివారణకు శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమని ఆరోగ్య శాఖ చెబుతోంది. మనకు శుక్రవారం జుమా. ప్రసంగం తర్వాత రెండు నిమిషాలు కేటాయించి, ఇళ్లలో తొట్లు, కుండలు, కూలర్లు ఒంపమని చెప్పండి. వుజూ తొట్టితో మొదలుపెడితే ఇంకా మంచిది.

గుమ్మం పక్కన బల్ల మీద అర్జీ కాగితాలు ఉంచాము. వాటిలో మూడు ప్రశ్నలే ఉన్నాయి. మా వీధి చివరి కుళాయి నీటిని చివరిసారి ఏ తేదీన పరీక్షించారు, ఫలితం ఎంత? గ్రామ ఆరోగ్య కమిటీ సభ్యులెవరు, గత ఏడాది నిధి దేనికి ఖర్చయింది? మా వీధికి ఆశా కార్యకర్త ఏయే తేదీల్లో వచ్చారు? ఇది సమాచార హక్కు అర్జీ కనుక 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక ప్రతి పంచాయతీకి, ఒకటి ఆరోగ్య కేంద్రానికి, ఇంకొకటి మన కో-ఆప్షన్ సభ్యుడి చేతికి. రాయడం రానివారికి రాసిపెట్టడానికి ఇంటర్ చదివే మన ఆడపిల్లలు నలుగురు అక్కడ కూర్చుని ఉన్నారు. అసర్ అజాన్‌కు ఇంకా అరగంట ఉంది. ఊరి పేరు, వీధి పేరు, జిల్లా ఏలూరు అని సరిగా చెప్పి రాయించుకోండి.