మోకు పట్టే చేతికి రక్షణ కావాలి
(అంతర్దేశీయ జలరవాణా కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు మేము ప్రస్తావించదలచిన విషయం చూపునకు చిన్నది. లాంచీని రేవుకు కట్టేటప్పుడు మోకు విసరటం, దానిని అందుకోవటం, గుంజకు చుట్టటం – ఇంతే. సరంగుకు ధ్రువపత్రం కావాలి, ఇంజను డ్రైవరుకు ధ్రువపత్రం కావాలి. మోకు పట్టే కళాసీకి మాత్రం రెండు చేతులుంటే చాలునని పలువురు యజమానులు తలుస్తారు. అందుచేత అందరికంటె కొత్తగా చేరినవానికి, అందరికంటె తక్కువ వేతనం గలవానికి ఆ పని అప్పగిస్తారు. ఈ అభిప్రాయం ప్రాణాంతకమైనదని మేము భావిస్తున్నాము.

దీనికి దూరపు నిదర్శనాలు అక్కరలేదు. 2024 ఏప్రిల్ 11న, రంజాన్ పండుగనాడు, పొరుగుదేశమైన బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని సదర్‌ఘాట్ రేవులో ఒక లాంచీ, అప్పటికే కట్టివున్న లాంచీ పక్కకు చొరబడబోయింది. ఆ ఒత్తిడికి కట్టివున్న లాంచీ మోకు తెగి, రేవులో నిలచిన ప్రయాణికులను కొట్టింది. ఐదుగురు మరణించారు. తుపాను లేదు, పడవ మునగలేదు. ఒక్క మోకు తెగింది.

మోకులో ఇంత శక్తి ఎక్కడినుండి వస్తుంది? చిన్న లెక్క చూద్దాం. సరుకుతో కలిపి 100 టన్నుల బరువున్న పడవ సెకనుకు అర మీటరు వేగంతో రేవును సమీపిస్తున్నదనుకుందాం. అది మనిషి నడకకంటె తక్కువ వేగమే. అయినను ఆ పడవలో 12,500 జౌళ్ల గతిజశక్తి ఉంటుంది. ఒక కార్మికుడు 50 కిలోల బరువెత్తేంత బలంతో ఎడతెగక వెనుకకు లాగినా, అది ఆగేలోపల 25 మీటర్లు సాగిపోతుంది. ఏ రేవులోనూ అంత చోటు ఉండదు. కనుక పడవను ఆపవలసినది మనిషి కండరం కాదు. చేతితోగాని, కాలితోగాని, గెడతోగాని పడవకూ గట్టుకూ నడుమ అడ్డుపడమని ఆజ్ఞాపించే హక్కు ఎవరికీ లేదు.

పడవను ఆపవలసినది గుంజ. గుంజకు మోకు రెండు చుట్లు తిరిగితే, ఘర్షణ గుణకం 0.25 అయినప్పుడు, చేతిలోని కొసపై పెట్టిన బలానికి సుమారు 23 రెట్ల లాగుడును అది నిలుపుతుంది. మూడు చుట్లు తిరిగితే నూరు రెట్లు దాటుతుంది. అయితే ఒక్కసారిగా బిగించరాదు. కొసను కొద్దికొద్దిగా సడలిస్తూ, పడవ వేగాన్ని క్రమంగా హరించాలి. ఒక్క కుదుపుతో ఆపబోతే మోకైనా తెగుతుంది, గుంజైనా ఊడుతుంది. చుట్టేటప్పుడు వేళ్ళు మోకుకూ గుంజకూ మధ్యకు పోరాదు. మోకును చేతికి, నడుముకు ఎన్నడూ చుట్టుకోరాదు.

ఇక విసరటం. మొదట మోకు కొస పడవపై గట్టిగా కట్టివున్నదో లేదో చూసుకోవాలి. మెలికలు పడకుండా సమానమైన చుట్టలుగా చుట్టుకోవాలి. చుట్టలో సుమారు సగం విసిరే చేతిలో ఉండాలి. మిగిలిన సగం రెండవ చేతి తెరచిన అరచేతిలో వదులుగా, దానంతట అది జారిపోయేటట్లు ఉండాలి. గాలిని గమనించి, అది వీచే దిశకు కొంత ఎగువగా గురిపెట్టాలి. ముందుగా కేకవేసి హెచ్చరించాలి. మనిషి ముఖం మీదికి కాక, అతని పక్కనుండి ఆవలికి పోయేటట్లు విసరాలి. గట్టుపై ఉన్నవాడు గాలిలో అందుకొనుటకై నీటిమీదికి వంగరాదు. తాడు నేలపై పడిన తరువాత తీసుకోవాలి. గురి తప్పితే తాడును లాగి, తిరిగి చుట్టి విసరాలి. ఆలస్యమవుతున్నదని పడవపైనుండి గట్టుకు దూకటం పూర్తిగా మానాలి.

బరువైన మోకు దూరం పోదు కనుక ముందు సన్నని తాడు విసిరి, దానితో మోకును లాగుకోవటం పరిపాటి. దూరం పోవాలని ఆ తాడు కొసకు ఇనుప ముక్కలు కట్టేవారున్నారు. అది గట్టుమీది సోదర కార్మికుని తల పగులగొట్టగలదు. ముడిలో ఏ బరువూ చేర్చరాదనీ, కావాలంటే అరకిలోకు మించని మెత్తని సంచి కట్టవచ్చుననీ బ్రిటన్ వాణిజ్య నావికుల భద్రతా నియమావళి చెబుతున్నది.

నైలాను మోకు బాగా సాగుతుంది. సాగినంతసేపూ అందులో శక్తి నిలువ ఉంటుంది. తెగిన క్షణాన కొస వెనుకకు కొడుతుంది; తప్పుకొనే వ్యవధి ఉండదు. అందుచేత బిగిసిన మోకుకు సూటిగా ఎవరూ నిలవరాదు. నేలపై ఉన్న మోకు మడతలో కాలు పెట్టరాదు.

నది స్వభావాన్ని కూడ గమనించాలి. గోదావరి వంటి ప్రవాహంలో పడవ ముక్కును ఎగువకు తిప్పి, ముందుగా ఎగువ మోకును కట్టటం క్షేమకరం. దిగువ కొస మొదట బిగిస్తే ప్రవాహం పడవను అడ్డం తిప్పివేస్తుంది. గంగపై ఫరక్కా వద్ద ఉన్నటువంటి లాకులలో నీటిమట్టం దిగుతుండగా మోకును ముడివేయరాదు. ముడివేస్తే పడవ మోకుకు వ్రేలాడి ఒరుగుతుంది. గుంజచుట్టూ త్రిప్పి, కొస చేతపట్టి, నీటితోపాటు వదులుతూ ఉండాలి.

ఇంత పరిజ్ఞానం అవసరమైన పనిని నైపుణ్యంలేని పని అనటం న్యాయమా? అంతర్జాతీయ యానం చేసే సముద్రనౌకల విషయంలో, కట్టుమోకుల తనిఖీ, నిర్వహణలకు సంబంధించిన నిబంధనలు 2024 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. నదిలోని లాంచీకి ఆ నిబంధనలు వర్తించవు. మన దేశంలో 1917 నాటి చట్టం స్థానే 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. సిబ్బంది సంఖ్య, అర్హత, శిక్షణ, ప్రమాద విచారణలను అది ప్రస్తావిస్తున్నది. 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, సురక్షితమైన పని పరిస్థితిని కార్మికుల మౌలిక హక్కులలో చేర్చింది. కాగితంపైనున్న ఈ హక్కును రేవులోకి తేవటం సంఘాల బాధ్యత.

కనుక మా కోర్కెలు ఇవి. మోకు పనిని నైపుణ్యంగల పనిగా గుర్తించి, వేతనంతో కూడిన శిక్షణ ఇవ్వాలి. రేవు కట్టేటప్పుడు పడవ రెండు కొసలవద్దా చెరొక కార్మికుడు ఉండాలి. ఒక్కనిచేత రెండు కొసలకూ పరుగు తీయించరాదు. మోకులను నియతంగా తనిఖీ చేసి, నలిగినవాటిని మార్చి, ఆ వివరాలు పుస్తకంలో వ్రాయాలి. ప్రతి రేవులో గట్టి గుంజలు, తగిన దీపాలు, పనివారికి లైఫ్ జాకెట్లు ఉండాలి. కాంట్రాక్టు కార్మికునికీ, దినకూలీకీ పర్మనెంటు కార్మికునితో సమానంగా నష్టపరిహారం అందాలి.

సోదరులారా, ఈ తరగతినుండి వెళ్ళిన వెంటనే ప్రతి శాఖ తన రేవులోని గుంజలను, మోకులను స్వయంగా పరిశీలించాలి. లోపాలను వ్రాతపూర్వకంగా యాజమాన్యానికి అందజేసి, అందినట్లు సంతకం తీసుకోవాలి. ఒక నకలు సమాఖ్య కార్యాలయానికి పంపాలి. ప్రమాదం జరిగిన తరువాత తప్పు కళాసీదేనని వ్రాయటం యాజమాన్యానికి సులభం. ప్రమాదానికి ముందే మనం వ్రాసి ఇచ్చిన కాగితం ఉంటే ఆ పని అంత సులభం కాదు.