సెలవుల తర్వాత మొదటి రోజు
(రేడియో ప్రసంగ పాఠం)

నేను ముప్ఫై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇక్కడ శాంటా క్లారాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. బడి మానేసినా బడి గంట మాత్రం నన్ను మానలేదు లెండి. పొద్దున ఎనిమిదింటికి మా వీధిలో పిల్లలు వీపున బరువైన సంచులతో నడిచి వెళుతుంటే నా కాళ్ళు కూడా చెప్పుల కోసం వెతుక్కుంటాయి.

ఇక్కడ డిసెంబరు చివర్లో రెండు వారాల పైచిలుకు శీతాకాలం సెలవులిస్తారు. జనవరి మొదటి సోమవారమో, ఆ తర్వాతి సోమవారమో బడి తెరుస్తారు. మన సంక్రాంతేమో జనవరి 13, 14, 15 ప్రాంతాల్లో వస్తుంది. అక్కడే వచ్చింది చిక్కంతా. ఇరవై గంటలు విమానంలో కూర్చుని, అంత డబ్బు పోసి వెళ్ళాక, "పండగ నాలుగు రోజులుందనగా వెళ్ళిపోతారా?" అని అటు అమ్మమ్మలు, ఇటు నాయనమ్మలు అడగకుండా ఉంటారా? నేనూ అడిగినదాన్నే. ఆ ఏడు మేమంతా కందుకూరు వైపు మా ఊళ్ళో కనుమ దాకా ఉండిపోయి, బడి తెరిచిన పది రోజులకు తిరిగొచ్చాం.

కాలిఫోర్నియాలో లెక్క ఎలా ఉంటుందో కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. ఏడాదికి సుమారు 180 బడి రోజులు. ప్రభుత్వ బడికి వచ్చే రాష్ట్ర నిధులు పిల్లల రోజువారీ సగటు హాజరును బట్టి ఉంటాయి. చట్టం ఒప్పుకునే కారణం లేకుండా ఏడాదిలో మూడు రోజులు మానితే బడి ఎగ్గొట్టిన లెక్కలోకి వస్తుంది. కారణం ఏదైనా సరే, పదో వంతు రోజులు, అంటే పద్ధెనిమిది రోజులు మానితే దీర్ఘకాలిక గైర్హాజరు అంటారు. 2022 నుంచి సాంస్కృతిక వేడుకలో పాల్గొనడం కూడా ఒప్పుకునే కారణాల్లో చేరింది. కనుక పండగ రోజున మానితే తప్పు లేదు. కానీ ఇండియా ప్రయాణం కోసం రెండు వారాలు మానడం వేరు. దానికి ఇండిపెండెంట్ స్టడీ అని ఒక ఏర్పాటుంది. ప్రయాణానికి ముందే బడి ఆఫీసులో అడిగి, ఒప్పంద పత్రం మీద సంతకాలు పెట్టి, ఇచ్చిన పని పూర్తిచేసి తెస్తే హాజరు కిందికి వస్తుంది. టిక్కెట్లు కొన్న రోజునే ఈ సంగతి కనుక్కోండి. విమానం ఎక్కే ముందు రోజు కాదు.

మా అమ్మాయి ఆ కాగితాలన్నీ సక్రమంగానే నింపింది. మూడో తరగతి చదివే మా మనవరాలు పనంతా పూర్తిచేసింది కూడా. ఇక్కడికీ ఇండియాకీ ఈ కాలంలో పదమూడున్నర గంటల తేడా. మూడు నాలుగు రోజులు అర్ధరాత్రి లేచి ఆకలి అన్నది, సర్దుకుంది. అంతా బాగుందనుకున్నాం. బడికి వెళ్ళిన రెండో రోజు పొద్దున కడుపునొప్పి అని మంచం దిగలేదు. మూడో రోజూ అంతే.

నేను దాని పక్కన కూర్చుని ఏమీ అడగకుండా జడ వేస్తూ ఉంటే, కాసేపటికి తనే చెప్పింది. "అందరూ సెలవుల్లో ఏం చేశారో చెప్పమన్నారు అమ్మమ్మా. తాహో వెళ్ళి మంచులో ఆడామని కొందరు, డిస్నీలాండ్ అని కొందరు చెప్పారు. నేను పేడతో గొబ్బెమ్మలు చేశానంటే నవ్వరా? అందుకే ఇండియా వెళ్ళానని చెప్పి కూర్చున్నా."

ఆ మాట వినగానే నాకు 1984 గుర్తొచ్చింది. అప్పుడు నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో పనిచేస్తున్నాను. సంక్రాంతి సెలవులు అయిపోయిన ఇరవై రోజులకు తొమ్మిదో తరగతి కుర్రాడొకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. లెక్కల్లో చురుకైనవాడు. "ఏరా, నీకింకా పండగ అవలేదా?" అన్నాను. తరగతంతా గొల్లున నవ్వింది. వాడు తల వంచుకుని వచ్చి కూర్చున్నాడు. పలక మీదికి పిలిచినప్పుడు చూశాను, వాడి వేళ్ళు పొగాకు జిగురుతో నల్లగా ఉన్నాయి.

ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పండగ వెళ్ళగానే అక్కడ పొగాకు పని ముమ్మరం. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో ఎక్కించి అయిదారు రోజులు రాత్రింబవళ్ళు మంట పెట్టాలి. ఆ మంట దగ్గర నిద్ర కాచిన పిల్లవాడిని నేను పండగ అవలేదా అని అడిగాను. మర్నాడు వాడు రాలేదు. వారం చూసి ఇంటికి వెళ్ళాను. "అప్పు తీరాలమ్మా" అన్నాడు తండ్రి. పిల్లవాడు మాత్రం, "మళ్ళీ వస్తే నవ్వుతారు టీచర్" అన్నాడు. అప్పు నేను తీర్చగలిగేది కాదు. కానీ ఆ నవ్వు నేను తెచ్చిపెట్టిందే. వాడు మళ్ళీ బడికి రాలేదు. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్ళూ సెలవుల తర్వాత ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిని నలుగురిలో కారణం అడగలేదు. "వచ్చావా, కూర్చో" అనేదాన్ని. మిగతాది తర్వాత, విడిగా.

మా మనవరాలికి ఆ కుర్రాడి కథంతా చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం కూర్చుని అయిదు వాక్యాలు రాశాం. భోగిమంట ఎందుకు వేస్తారు, ముగ్గు ఎలా వేస్తారు, గొబ్బెమ్మ మీద పువ్వు ఎందుకు పెడతారు. వాళ్ళమ్మ టీచరుకు ఒక ఉత్తరం రాసి, నాలుగు ఫోటోలు పంపింది. ఆ టీచరమ్మ మంచి మనిషి, శుక్రవారం పది నిమిషాలు ఇచ్చింది. ఒకరిద్దరు పేడ అనగానే ముక్కు మూసుకున్నారట, నిజమే చెప్పాలి. కానీ వియత్నాం వాళ్ళ పిల్లవాడొకడు, తమకూ కొత్త సంవత్సరం త్వరలో వస్తుందని, తన ఫోటోలు కూడా చూపిస్తానని చెప్పాడట. సోమవారం కడుపునొప్పి రాలేదు.

అమ్మలూ, నాన్నలూ, మీకు నా విన్నపం ఒక్కటే. పండగకు ఉండాలో, బడికి రావాలో మీ ఇంటి వీలును బట్టి మీరే తేల్చుకోండి. కానీ వచ్చే రోజును బడికి కనీసం మూడు రోజుల ముందు పెట్టుకోండి. పిల్లలు ఇండియాలో చూసింది నాలుగు మాటల్లో చెప్పుకోవడం తిరుగు ప్రయాణంలోనే నేర్పండి, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. ఆదివారం తెలుగు తరగతికి వెళ్ళినా అదే ప్రశ్న ఎదురవుతుంది కదా. ఇక సాయంత్రం పిల్లలు ఇంటికి రాగానే "ఎంత పాఠం పోయింది?" అని అడక్కండి. పోయిన పాఠం పదిరోజుల్లో వస్తుంది. "నిన్ను చూసి ఎవరు సంతోషించారు?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ రోజు కాస్త ఎక్కువసేపు పక్కన కూర్చోండి.