ఫుట్‌బాల్ ఆట – నేటి ప్రసార పద్ధతులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ గ్రంథాలయమున మాటలాడుటకు నాకు అవకాశమిచ్చిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. పుస్తకముల నడుమ ఫుట్‌బాల్ ప్రసంగమేల యని కొందరు తలపవచ్చును. ఒక మంచి వస్తువు కలవారికే దక్కవలెనా, పదిమందికి అందవలెనా యనునది గ్రంథాలయోద్యమమునకు మూలప్రశ్న. ఆ ప్రశ్నయే నేడు ఆటల ప్రసారమునందును తలయెత్తినది.

ముందు పూర్వకథ కొంత విన్నవింతును. 1927 జనవరి 22వ తేదీన లండనులోని హైబరీ మైదానమునుండి ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల పోటీని బి.బి.సి. వారు రేడియోలో వర్ణించిరి. మైదానమును ఎనిమిది గడులుగా విభజించిన పటమును ‘రేడియో టైమ్స్’ పత్రిక ముందుగనే అచ్చువేసెను. బంతి యే గడిలో నున్నదో అంకెచే తెలుపుచుండగా, శ్రోతలు పటము చూచుచు ఆటను ఊహించుకొనిరి. 1937 సెప్టెంబరు 16వ తేదీన అదే మైదానమునుండి ఆర్సెనల్ జట్టు తన రెండవ జట్టుతో ఆడిన ఆటను టెలివిజనులో చూపిరి. 1966 నాటి ప్రపంచకప్పు తుదిపోటీని బ్రిటనులో మూడుకోట్లకు పైగా జనులు టెలివిజనులో చూచిరి. టెలివిజను లైసెన్సు రుసుము దప్ప, ఆటకని వేరుగ చెల్లింపవలసినది లేకుండెను.

1992లో ప్రీమియర్ లీగ్ ప్రారంభమైనది. దాని ప్రత్యక్ష ప్రసారములను స్కై సంస్థ కొని, చందాదారులకు మాత్రమే చూపెను. తరువాతి మెట్టు అంతర్జాలము. జపాను దేశపు జె-లీగ్ 2017లో డాజోన్ అను అంతర్జాల సంస్థను ఆశ్రయించెను. 2019 డిసెంబరులో అమెజాన్ సంస్థ ప్రీమియర్ లీగ్‌లో ఒక విడత పోటీలన్నిటిని తానే చూపెను. అమెరికాలోని మేజర్ లీగ్ సాకర్ ఆటలు 2023 నుండి ఆపిల్ సంస్థ ద్వారా వచ్చుచున్నవి.

ఈ స్ట్రీమింగ్ పద్ధతికిని పాత పద్ధతికిని భేదమేమి? టెలివిజను స్తంభమునుండి వెలువడు తరంగము ఒక్కటే. దానిని నూరుగురు చూచినను, లక్షమంది చూచినను స్తంభమునకు భారము పెరుగదు. స్ట్రీమింగునందు ఆటను కొన్ని క్షణముల ముక్కలుగా చేసి, అడిగిన ప్రతివానికి వేరువేరుగ పంపవలెను. చూచువారు పెరిగినకొలది భారము పెరుగును. చిత్రము కొంత ఆలస్యముగ చేరును. అందుచే పొరుగింట టెలివిజను చూచువారు గోలు పడినదని కేకవేసిన పిమ్మటగాని మన చేతిలోని ఫోనున గోలు కానరాదు.

ఈ పద్ధతివలన మేలు లేకపోలేదు. టెలివిజనువారు చోటియ్యని చిన్న పోటీలును నేడు లోకమునకు కానవచ్చుచున్నవి. దూరదేశమున నున్నవాడు తన ఊరి జట్టు ఆటను చూడగలుగుచున్నాడు. చేతిలో ఫోనున్న చాలును, పెట్టె అక్కరలేదు.

కాని ఫ్రాన్సు దేశపు అనుభవము గమనింపదగినది. అచ్చటి మొదటి శ్రేణి పోటీల హక్కులను సంవత్సరమునకు సుమారు 80 కోట్ల యూరోలిచ్చి కొనెదనన్న మీడియాప్రో సంస్థ 2020లో చెల్లింపలేక తొలగిపోయెను. తరువాత అమెజాన్, ఆపైన 2024లో డాజోన్ వచ్చినవి. డాజోన్ మొదట నెలకు సుమారు 30 యూరోలు అడిగినది. వెల యెక్కువయని అభిమానులు ఆగ్రహించిరి. పలువురు దొంగ ప్రసారములకు మరలిరి. ఒక్క సంవత్సరముతోనే ఆ ఒప్పందము ముగిసెను. 2025 ఆగస్టులో లీగువారు తమ సొంత ప్రసారమును నెలకు 15 యూరోలకు ఆరంభించిరి. ప్రసారపు సొమ్మునే నమ్ముకొన్న చిన్న క్లబ్బులు ఈ మార్పులలో మిక్కిలి నలిగినవి. సామాన్యుని గుమ్మము బయట నిలిపిన ఆట తన సంపాదనను గూడ పోగొట్టుకొనునని దీనివలన తెలియుచున్నది.

దీనికి విరుగుడు కలదు. ప్రపంచకప్పు, ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీ వంటివి ఉచిత ప్రసారమునందు లభింపవలెనని బ్రిటనులో శాసనము కలదు. 2024 నాటి మీడియా శాసనము దానిని అంతర్జాల సేవలకును వర్తింపజేయుటకు మార్పులు చేసినది. మన దేశమున 2007 నాటి శాసనము ప్రకారము, జాతీయ ప్రాముఖ్యము గలవని ప్రభుత్వము ప్రకటించిన ఆటలను ప్రసారభారతితో పంచుకొనవలెను. కాని అది టెలివిజను, రేడియోలను దృష్టియందుంచుకొని వ్రాసినది. ఆట అంతర్జాలమునకు తరలిపోవుచున్న కాలమున శాసనమును దానివెంట నడువవలెనని నా మనవి.

మనమందరము ఇచ్చట చందాదారులమే. మన చందాతో కొన్న ఒక్క పుస్తకము నూరుచేతులు మారును. చందా కట్టలేని బాలుడును ఈ అరుగుపై కూర్చుండి చదువుకొనును. ఆ సంస్థలకు కట్టు చందా ఒక్క యింటి గడప దాటదు. వ్యాపారమున కది న్యాయమే కావచ్చును. కాని ఒక జాతి యావత్తు ఎదురుచూచు ఆటలకు ఆ న్యాయము చాలదు. కూలివాని బిడ్డయు భూస్వామి బిడ్డయు ఒకే గోలుకు ఒకే క్షణమున చప్పట్లు కొట్టు భాగ్యమును మనము పోగొట్టుకొనరాదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ ఇదే ఉత్సాహముతో జరుపుకొనవలెనని కోరుచున్నాను.